‘తాగనివ్వదు’ అంటే ఎవరు? ‘మనసు గతి ఇంతే’ పాట మీద ఒక డౌటు

కొత్తచెవి | శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చేరి నెలైంది, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. పాత పాటలు నాకు పెద్దగా తెలియవు, తప్పులుంటే తిట్టకండి.

మా నాన్న గడ్డం గీసుకుంటూ ఒక పాట పాడుకుంటారు. పాటంటే పూర్తి పాట కాదు, రెండు ముక్కలు. ‘తాగితే మరచిపోగలను, తాగనివ్వదు. మరచిపోతే తాగగలను, మరువనివ్వదు.’ అంతే, అక్కడ ఆపేసి బ్లేడు కడుగుతారు. ఆయన జన్మలో మందు ముట్టలేదు, అది వేరే సంగతి. చిన్నప్పట్నుంచీ వింటున్నా. మొన్న యూట్యూబ్‌లో వెతికితే ‘ప్రేమ్ నగర్’ సినిమాలోదని తెలిసింది. ఈ ముక్కలయ్యాక ‘మనసు గతి ఇంతే’ అని అసలు పాట మొదలవుతుంది. నాన్న అంతదాకా ఎప్పుడూ వెళ్ళరు.

నా డౌటు చాలా చిన్నది. తాగనివ్వదు అంటే ఎవరు తాగనివ్వదు? హీరోయినా, ఇంకేమైనానా? హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పదిసార్లు విన్నా, తేలలేదు.

సాకీ_సుబ్బయ్య | శుక్రవారం, రాత్రి 10:15

స్వాగతం బాబూ. మీ నాన్నగారు పాడేదాన్ని సాకీ అంటారు. పాట ఎత్తుకునే ముందు తాళం లేకుండా, ఊపిరి తీసుకుంటూ పాడే ముక్క. నా పేరు ఇక్కడ అలా పెట్టుకోవడానికి కారణం కూడా అలాంటి సాకీలే.

ముందు వివరాలు. సినిమా 1971 సెప్టెంబరులో వచ్చింది. నిర్మాత డి. రామానాయుడు, దర్శకుడు కె.ఎస్. ప్రకాశరావు. కోడూరి కౌసల్యాదేవి గారి నవల ఆధారం. మాటలూ పాటలూ ఆచార్య ఆత్రేయ, సంగీతం కె.వి. మహదేవన్, గొంతు ఘంటసాల మాస్టారిది.

కథ తెలిస్తే మీ డౌటు తీరుతుంది. కళ్యాణ్ (నాగేశ్వరరావు) జమీందారు బిడ్డ, తాగుబోతు. లత (వాణిశ్రీ) సెక్రటరీగా వచ్చి ఆ తాగుడు మాన్పిస్తుంది. ప్రేమించుకుంటారు. ఆమె కోసం ఒక మేడ కట్టిస్తాడు. ఇంట్లోవాళ్ళు ఆమె మీద దొంగతనం అంటగడితే ఇతను కూడా అనుమానిస్తాడు. ఆత్మాభిమానం ఉన్న పిల్ల, వెళ్ళిపోతుంది. కాబట్టి తాగనివ్వనిది లత. కేసు క్లోజ్.

గోంగూర_పచ్చడి | శుక్రవారం, రాత్రి 10:21

సుబ్బయ్యగారు కేసు క్లోజ్ అన్నారంటే ఇప్పుడే మొదలైందన్నమాట. వేరుశనక్కాయలు తెచ్చుకుని కూర్చుంటా.

ఓరుగల్లు_నర్సింగ్ | శుక్రవారం, రాత్రి 11:02

సుబ్బయ్యన్నా, నాకైతే అట్ల అనిపించలే. ఆమె పోయింది గద. ఇంట్ల లేనామె చెయ్యి పట్టి ఎట్ల ఆపుతది? పల్లవి ఏమంటుంది, మనసు గతి ఇంతే. చరణం అంతా మనసు మీదనే. ఒకరికిస్తే మళ్ళ రాదట, ఓడిపోతే మరిచిపోదట, గాయమైతే మాసిపోదట, పగిలితే అతుకదట. రాదు, మరిచిపోదు, మాసిపోదు, అన్నీ మనసుకు చెప్పినయే. మరి సాకీల ఉన్న ‘ఇవ్వదు’ ఒక్కటే ఆమెకు ఎట్ల పోతది? తాగనివ్వనిది మనసే.

మా బాపు బస్ కండక్టర్. హన్మకొండ నుంచి ఆఖరి ట్రిప్పు ఖాళీగ వచ్చేటప్పుడు డ్రైవరన్న ఈ పాట ఎత్తుకుంటే బాపు టికెట్ల పెట్టె మీద తాళమేసేటోడు. డ్రైవరన్న లవ్ ఫెయిల్యూర్ అని అందరికి ఎరుకే. ఆయన ‘ఆమె తాగనిస్తలేదు’ అని ఎన్నడు అనలే. ‘ఈ పాడు మనసు’ అనేటోడు.

బడిపంతులు | శనివారం, ఉదయం 6:10

రాత్రంతా చర్చ బాగా జరిగినట్టుంది. నేను ఇప్పుడే చూశాను. రిటైరైనా పొద్దున్నే లేచి తప్పులు దిద్దే జబ్బు పోలేదు.

ఇద్దరూ కరెక్టే. తప్పించుకోవడానికి అనడం లేదు. తెలుగు క్రియ అలా ఉంది. ‘అతడు రాడు’ అంటే మగవాడు. మరి ఆడమనిషికి? ‘ఆమె రాదు.’ బస్సుకి? ‘బస్సు రాదు.’ ఏకవచనంలో ఆడవాళ్ళకీ, వస్తువులకీ, పశువులకీ మన భాషలో క్రియ ఒకటే. ‘వచ్చింది’ అని ఫోనులో చెబితే కోడలు వచ్చిందో, గేదె ఇంటికి వచ్చిందో, కరెంటు వచ్చిందో విన్నవాడే ఊహించుకోవాలి. అందుకే ‘తాగనివ్వదు’ అన్నచోట లత కూర్చోగలదు, మనసూ కూర్చోగలదు. ఆత్రేయ కర్తను చెప్పలేదు, చెప్పే అవసరం భాష పెట్టలేదు.

ఇంకొక్కటి గమనించండి. అదే కథలో ప్రేమించింది ఆడపిల్ల, పోయింది మగవాడు అయి ఉంటే ఈ సాకీ పుట్టేది కాదు. ‘తాగనివ్వడు’ అనాల్సి వచ్చేది. గుట్టు అక్కడే రట్టయ్యేది.

దక్షిణాది భాషలన్నిటికీ ఈ గుణం ఉన్నట్టుంది.

మైలాపూర్_మల్లి | శనివారం, ఉదయం 7:48

పంతులుగారూ, చివరి వాక్యం ఒప్పుకోను. మేం మూడు తరాలుగా చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళం. తమిళంలో ‘ఆమె వచ్చింది’ అంటే ‘అవళ్ వందాళ్’, ‘అది వచ్చింది’ అంటే ‘అదు వందదు’. ఆడమనిషి వేరు, వస్తువు వేరు. మా పిల్లలు తెలుగు మాట్లాడుతూ ‘అమ్మ వచ్చింది, ఆటో వచ్చింది’ అంటే పక్కింటి తమిళమామి నవ్వేది, అమ్మని ఆటోతో కలిపేశారే అని.

హిందీలో కూడా ఈ సాకీ నిలబడదు. ‘దిల్’ పుంలింగం కాబట్టి మనసైతే ‘పీనే నహీ దేతా’, అమ్మాయైతే ‘దేతీ’. ఏదో ఒకటి తేల్చుకోవాల్సిందే.

ఈ సినిమా తమిళంలోకి ‘వసంత మాళిగై’గా 1972లో వెళ్ళింది. దర్శకుడు ప్రకాశరావుగారే, హీరోయిన్ వాణిశ్రీయే, సంగీతం మహదేవనే. హీరో మాత్రం శివాజీ. అందులో కణ్ణదాసన్ రాసిన పాట ఉంది, ‘ఇరండు మనం వేండుం’. దేవుణ్ణి రెండు మనసులు అడుగుతాడు. తలచుకుని వాడిపోవడానికి ఒకటి, మరచిపోయి బతకడానికి ఒకటి. మా ఇంట్లో ఆ పాట వస్తే తాతయ్య రేడియో దగ్గర నుంచి లేచేవాడు కాదు. నాకు ఆ పాటే ఎక్కువ ఇష్టం, నిజం చెబుతున్నా. కణ్ణదాసన్‌కి రెండు మనసులు కావలసి వచ్చాయి. ఆత్రేయ ఒక్కదానితోనే చచ్చిపోతున్నాడు పాపం.

బడిపంతులు | శనివారం, ఉదయం 8:05

చెంపలేసుకున్నాను తల్లీ. నలభై ఏళ్ళు బళ్ళో చెప్పాను గానీ తమిళం వాళ్ళ ఇంటి పక్కన ఉండలేదు.

గోంగూర_పచ్చడి | శనివారం, ఉదయం 9:30

వ్యాకరణం సరే. అసలు ఆ రెండు ముక్కలు చూస్తే నాకు సామెత గుర్తొస్తోంది. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు. తాగితేగాని మరపు రాదు, మరిస్తేగాని తాగలేడు. మనవాళ్ళు నవ్వడానికి చెప్పుకునే సామెతని ఏడవడానికి వాడుకున్నాడు మహానుభావుడు.

సాకీ_సుబ్బయ్య | శనివారం, ఉదయం 10:12

గోంగూరగారూ, ఎప్పుడైనా ఒకసారి మీరు పనికొచ్చే మాట చెబుతారు. ఇది బాగుంది.

దీనికి తోడు ఒకటి. మన సినిమాల్లో ప్రేమ పోయి తాగినవాడు అనగానే 1953 నాటి ‘దేవదాసు’ గుర్తొస్తాడు. అక్కడా నాగేశ్వరరావే. కానీ దేవదాసు ప్రేమ పోయాక తాగుడు మొదలుపెట్టాడు. కళ్యాణ్‌ది తిరగేసిన కథ. ముందు తాగుబోతు, ప్రేమ వచ్చాక మానేశాడు. మానడమే ఆమె ఇచ్చిన కానుక. ఇప్పుడు మరచిపోవడానికి గ్లాసు ఎత్తితే ఆ గ్లాసులోనే ఆమె కనిపిస్తుంది. దేవదాసుకి మందు మరపు, ఇతనికి మందే జ్ఞాపకం. అందుకే ‘మరచిపోతే తాగగలను’ అన్న రెండో ముక్క దేవదాసు నోట పలకదు.

నర్సింగ్ తమ్ముడూ, నువ్వన్నట్టు ఆమె ఇంట్లో లేదు. లేకపోయినా ఆపుతోంది, అదే కదా వాడి ఏడుపు.

ఓరుగల్లు_నర్సింగ్ | శనివారం, ఉదయం 10:40

గ్లాసుల ఆమె కనపడుడు అంటే మనసే గదన్నా. నువ్వు తిరిగి తిరిగి నా కాడికే వస్తున్నవ్.

రెండోచరణం | శనివారం, మధ్యాహ్నం 1:20

కొంచెం పక్కకెళ్తున్నా, క్షమించండి. ఆత్రేయ మనసు కవి అని అందరూ అంటారు కదా. నాకు ఆయన పాటల్లో అన్నిటికంటే ఇష్టం ‘మనసున మనసై బ్రతుకున బ్రతుకై’. ఇందులో తాగుడు లేదు, ఏడుపు తక్కువ.

సాకీ_సుబ్బయ్య | శనివారం, మధ్యాహ్నం 1:24

అది శ్రీశ్రీ పాటండీ బాబూ! ‘డాక్టర్ చక్రవర్తి’, 1964.

గోంగూర_పచ్చడి | శనివారం, మధ్యాహ్నం 1:26

నెలకోసారి ఎవరో ఒకరు ఇందులో కాలేస్తారు. ‘కారులో షికారుకెళ్ళే’ శ్రీశ్రీది అనే బ్యాచ్ ఇంకా రాలేదు. అది ‘తోడికోడళ్ళు’, ఆత్రేయది.

నిర్వాహకులు | శనివారం, మధ్యాహ్నం 1:50

ఎవరి పాట ఎవరిది అన్న గొడవకి వేరే థ్రెడ్ ఉంది, 40 పేజీలు దాటింది. దయచేసి అక్కడికి వెళ్ళండి. ఇక్కడ ‘తాగనివ్వదు’ వరకే.

అలివేలు | శనివారం, మధ్యాహ్నం 3:35

నేను ఇక్కడ చదవడమే గానీ రాయను. ఇవాళ రాయాలనిపించింది.

మా ఆయన తాగేవాడు. నేను సీసా బియ్యం డబ్బాలో దాచేదాన్ని, అడుగున, చెయ్యి మోచేతి దాకా పెడితే గాని అందనంత కిందికి. ఆయన వెతికి వెతికి కూర్చునేవాడు. స్నేహితులు ఫోను చేస్తే నేను వినేలాగే చెప్పేవాడు, ‘నేను రానురా, ఇది తాగనివ్వదు’ అని. ఇది అంటే నేను. పంతులుగారు వస్తువుకీ ఆడదానికీ క్రియ ఒకటే అన్నారు చూశారా, చదివి నవ్వొచ్చింది. మాకు పేరు కూడా ఒకటేనండీ. అది, ఇది. ‘దానికి చెప్పకు’, ‘అది ఊరుకోదు’. సీసానీ నన్నూ ఒకే మాటతో పిలిచేవాడు. ‘అది ఎక్కడుంది’ అని అత్తగారిని అడిగితే ఆవిడ ఒకోసారి ‘ఏది, పెళ్ళామా, సీసానా’ అనేది.

కాబట్టి ఆ పాటలో తాగనివ్వనిది మనసు అంటే నేను ఒప్పుకోను. తాగేవాడి నోట్లోంచి ‘తాగనివ్వదు’ అన్న మాట రోజూ విన్నదాన్ని. ఆ మాటలో విసుగు ఉంటుంది, కొంచెం గొప్పగా చెప్పుకోవడం కూడా ఉంటుంది. నన్ను ఆపేవాళ్ళు ఒకరున్నారు అని. మనసు గురించి ఎవడూ అంత గొప్పగా చెప్పుకోడు.

ఆయన పోయి 9 ఏళ్ళు. డబ్బాలో బియ్యం తీసేటప్పుడు ఇప్పటికీ చెయ్యి అడుగుదాకా వెళుతుంది. అలవాటు.

మైలాపూర్_మల్లి | శనివారం, సాయంత్రం 4:10

అలివేలక్కా, ఏం రాయాలో తెలియడం లేదు.

ఓరుగల్లు_నర్సింగ్ | శనివారం, సాయంత్రం 4:32

అక్కా, నువ్వు చెప్పినంక నేను వాదించలేను. ఒక్కటే మాట. మా దిక్కు ‘అది’ అని ప్రేమగ గూడ అంటరు. మా అవ్వను బాపు అట్లనే పిలిచేటోడు. అవ్వ పోయినంక ‘ఆమె’ అనుడు మొదలువెట్టిండు. ఆ మర్యాద వింటే నాకు ఏడుపొచ్చేది.

అలివేలు | శనివారం, సాయంత్రం 4:50

తెలుసు తమ్ముడూ. ఆయన కూడా రెండు రకాలుగానూ అన్నాడు. ఏ రోజు ఏ రకమో గొంతును బట్టి తెలిసేది.

కొత్తచెవి | శనివారం, సాయంత్రం 6:15

అలివేలు గారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. థాంక్స్ అనడం చిన్నదిగా ఉంటుంది.

ఇంకో డౌటు అడగొచ్చా? రెండో చరణంలో అంతా మట్టేనని, మాయేనని తెలుసు అంటాడు. అన్నీ తెలిసే ప్రేమించి ఏడవడంలో ‘తీయదనం ఎవరికి తెలుసు’ అంటాడు. ఏడుపులో తీయదనం ఏంటి? బ్రేకప్ అయినప్పుడు నాకైతే రెండు నెలలు నిద్రే లేదు, తీపి అసలు కనబడలేదు.

బడిపంతులు | శనివారం, సాయంత్రం 7:02

రెండు నెలలకి కనబడదు నాయనా. ఉసిరికాయ తిన్నావా ఎప్పుడైనా? నమిలేటప్పుడు వగరు, పులుపు, మొహం ముడుచుకుంటాం. తర్వాత మంచినీళ్ళు తాగితే తియ్యగా ఉంటాయి. నీళ్ళలో ఎవరూ పంచదార కలపలేదు. ఉసిరికాయ తినని వాడికి ఆ నీళ్ళు మామూలు నీళ్ళే. ‘ఎవరికి తెలుసు’ అన్నది ప్రశ్న కాదు, తిన్నవాడికే తెలుసని.

మట్టి, మాయ అన్న మాటలు మన తత్వాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. తత్వం పాడేవాడు ఇదంతా మాయ, కాబట్టి వదిలెయ్ అంటాడు. ఈ పాట అదే మాటతో మొదలుపెట్టి వదలనంటుంది. తెలియక ప్రేమిస్తే అమాయకత్వం. ‘తెలిసీ వలచీ’ అన్నాడు చూడండి, ఆ ‘తెలిసీ’లో దీర్ఘం మీద ఘంటసాల కాసేపు నిలబడతాడు.

మహదేవన్ గారు ముందు సాహిత్యం రాయించుకుని తర్వాత బాణీ కట్టేవారన్నది అందరికీ తెలిసిందే. ఈ పాటలో అది వినిపిస్తుంది. ‘మరలి రాదు, మరచిపోదు, మాసిపోదు, అతుకు పడదు’ అని నాలుగూ మెట్లు దిగినట్టు ఒక్కొక్కటిగా దిగుతాయి. బాణీలో మాటలు కూరి ఉంటే ఆ ‘దు’లు ఇంత వరసగా పడేవి కావని నా నమ్మకం. ఇక్కడా ‘దు’యే, గమనించారా? పాట మొత్తం ఆ ఒక్క అక్షరం మీద నడిచింది.

పల్లవిలో ‘ఇంతే, ఇంతే’ అని రెండుసార్లు దగ్గరగా చూపించి చివర ‘లేదంతే’ అని దూరంగా తోసేస్తాడు. ఇంతే అన్నది బాధ, అంతే అన్నది తీర్పు. ఇది క్లాసులో చెబితే పిల్లలు కిటికీలోంచి బయటికి చూసేవారు.

గోంగూర_పచ్చడి | శనివారం, సాయంత్రం 7:20

నేను ఆ కిటికీ బ్యాచే మాస్టారూ. ఇప్పుడు మాత్రం బుద్ధిగా వింటున్నా.

చివరి చరణం సంగతి ఎవరూ ఎత్తలేదు. దేవుడు మనిషికి మనసిచ్చి కక్ష తీర్చుకున్నాడంటాడు. దేవుడికి మన మీద కక్ష ఎందుకో?

సాకీ_సుబ్బయ్య | శనివారం, రాత్రి 8:45

అది నాకు కాస్త నాటకీయంగా అనిపిస్తుంది. చెబితే కొడతారేమో. ‘శిక్ష’కి ప్రాస కోసం ‘కక్ష’ వచ్చింది. ఆత్రేయ సినిమాలకి రాకముందు నాటకాల మనిషి, ‘ఎన్జీవో’, ‘కప్పలు’ రాసినాయన. ఆఖర్న చప్పట్లు పడే డైలాగు ఒకటి వదలడం అలవాటు. పాటలో గొప్పతనం ముందే అయిపోయింది, సాకీలోనే. మిగతాదంతా దాని వివరణ.

అందుకే మీ నాన్నగారు రెండు ముక్కలు పాడి బ్లేడు కడగడం నాకు నచ్చింది బాబూ. ఆయనకి ఎక్కడ ఆపాలో తెలుసు.

ఓరుగల్లు_నర్సింగ్ | శనివారం, రాత్రి 9:05

అరె, అసలు మనిషిని అడగనే లేదు గద. తమ్మీ, ఇంత మంది పంచాయితీ చేస్తున్నం, మీ నాయిన్నే అడగరాదూ, ఎవరు తాగనివ్వదని.

కొత్తచెవి | ఆదివారం, ఉదయం 9:50

అడిగాను. ఇప్పుడే.

గడ్డం గీసుకుంటున్నారు, సగం మొహం నురగ. సాకీ అయ్యేదాకా ఆగి, ‘నాన్నా, తాగనివ్వదు అంటే ఎవరు?’ అన్నా. అద్దంలోంచే నన్ను చూసి, ‘ఇంకెవరు, మీ అమ్మే’ అన్నారు నవ్వుతూ.

వంటింట్లోంచి అమ్మ చింతపండు పిసుకుతూనే అంది, ‘అబద్ధాలు. పెళ్ళిచూపులకి వచ్చిన రోజు పెరట్లో చేతులు కడుక్కుంటూ ఇదే పాడారు. అప్పటికి నా మొహమైనా చూడలేదు.’

నాన్న ఏమీ అనలేదు. కుళాయి ఇంకాస్త పెద్దగా తిప్పి బ్లేడు కడుగుతున్నారు.